తెలియని కర్బన సమ్మేళనంలో ప్రమేయ సమూహాన్ని ఎలా గుర్తించాలి?

పేరు లేని సీసాలో తెల్లటి పొడి గానీ, రంగులేని ద్రవం గానీ ఇచ్చి అందులో ఏ ప్రమేయ సమూహం (పదార్థం రసాయన గుణాన్ని నిర్ణయించే పరమాణువుల గుంపు) ఉందో చెప్పమంటే చాలామంది చెయ్యి నేరుగా ఫెర్రిక్ క్లోరైడ్ సీసా మీదకి పోతుంది. రంగు వస్తే ఫినాల్ అని రాసేస్తారు, రాకపోతే ఇంకో సీసా తీస్తారు. ఇలా ఒక్కో కారకాన్నీ ప్రయత్నించుకుంటూ పోతే పదార్థం అయిపోతుంది, జవాబు మాత్రం దొరకదు. రంగు పరీక్షలు ఆఖర్న చేయాల్సినవి. పదార్థం దేనిలో కరుగుతుంది, దేనిలో కరగదు అన్నది ముందుగా, ఓపిగ్గా చూసుకుంటే చేయాల్సిన పరీక్షలు నాలుగైదుకు తగ్గిపోతాయి. కింది క్రమమంతా ఆ సూత్రం మీదే నడుస్తుంది.

మొదలుపెట్టే ముందు

2 గ్రాముల పదార్థం ఉంటే అన్ని పరీక్షలకూ సరిపోతుంది. అందులో సగం పక్కన పెట్టి, మిగతా సగంతోనే పని మొదలుపెట్టండి. పరీక్షనాళికల్ని సబ్బుతో కడిగి, చివరిగా స్వేదనజలంతో తొలవండి. త్వరగా ఆరతాయని ఎసిటోన్‌తో తొలిచే అలవాటు ఉంటే ఈ పనికి మాత్రం మానుకోండి. నాళిక గోడకి అంటుకున్న ఎసిటోన్ రెండు చుక్కలు చాలు, లేని కీటోన్‌ని ఉన్నట్టు చూపిస్తుంది. కుళాయి నీళ్లలోని క్లోరైడ్ కూడా సిల్వర్ నైట్రేట్‌తో తెల్లటి అవక్షేపం ఇచ్చి తికమక పెడుతుంది.

ప్రతి రంగు పరీక్షనూ మూడు నాళికల్లో చేయండి: ఒకదాంట్లో మీ పదార్థం, రెండోదాంట్లో ఆ సమూహం ఖచ్చితంగా ఉన్న తెలిసిన పదార్థం, మూడోదాంట్లో ఏ పదార్థమూ లేకుండా కారకం, ద్రావణి మాత్రమే. రెండో నాళికలో రంగు రాకపోతే మీ కారకం పాడైందని అర్థం. మూడోదాంట్లో రంగు వస్తే నాళికో, ద్రావణో మురికిగా ఉంది. ఈ రెండూ లేకుండా రాసుకున్న ఫలితాన్ని నమ్మలేం.

కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. బ్రోమిన్, గాఢ ఆమ్లాలు, క్లోరోఫామ్ వాడే పరీక్షలు వాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

చూపు, వాసన, మంట

మూతి దగ్గర ముక్కు పెట్టకుండా చేత్తో ఆవిరిని మీవైపు విసురుకుని వాసన చూడండి. చేదు బాదం వాసన వస్తే బెంజాల్డిహైడ్‌నో నైట్రోబెంజీన్‌నో అనుమానించాలి. పండ్ల వాసనకి ఎస్టర్, చేపల నీచు వాసనకి ఎమీన్, ఆస్పత్రుల్లో నేల కడిగే మందు వాసనకి ఫినాల్ గుర్తుకు రావాలి. రంగు విషయంలో జాగ్రత్త: స్వచ్ఛమైన ఎనిలీన్‌కి దాదాపు రంగే ఉండదు, గాలి తగిలి ఆక్సీకరణం చెందడం వల్ల గోధుమ రంగుకి తిరుగుతుంది. ఫినాల్ కూడా నిల్వలో గులాబీ రంగుకి మారుతుంది. కాబట్టి రంగుని బట్టి నిర్ణయానికి రాకండి.

గరిటె కొసన చిటికెడు పదార్థం పెట్టి మంటలో చూపండి. నల్లటి మసితో మండితే బెంజీన్ వలయం ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అందులో హైడ్రోజన్‌తో పోలిస్తే కార్బన్ పాలు ఎక్కువ. అంతా మండిపోయాక తెల్లటి బూడిద మిగిలితే అది లోహ లవణం. అప్పుడు మండించని అసలు పదార్థాన్ని విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి ఆమ్లాన్ని విడిపించాకే మిగతా పరీక్షలకు వెళ్లాలి.

నైట్రోజన్ ఉందో లేదో ముందే తేల్చుకోండి

లాసైన్ పరీక్షను (పదార్థాన్ని సోడియంతో కాల్చి అందులోని మూలకాల్ని చూసేది) తప్పించుకోవాలని అందరికీ ఉంటుంది. కానీ ఇదొక్కటి చేస్తే ఎమీన్, ఎమైడ్, నైట్రో సమూహాల గురించి ఆలోచించాలో అక్కర్లేదో ఒక్కసారే తేలిపోతుంది. పొడిగా తుడిచిన సోడియం ముక్క (చిన్న బఠాణీ గింజలో సగం) జ్వలన నాళికలో వేసి, అది కరిగి మెరిసే దాకా వేడి చేయండి. దానిపై చిటికెడు పదార్థం వేసి, నాళిక అడుగు ఎర్రగా కాలే దాకా ఉంచి, పింగాణీ పాత్రలోని 10 మి.లీ. స్వేదనజలంలో ముంచి పగలగొట్టండి. మరిగించి వడకట్టండి. వడపోతలో కొంత భాగానికి ఫెర్రస్ సల్ఫేట్ కలిపి మరిగించి, చల్లార్చి, విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆమ్లీకరిస్తే ప్రష్యన్ నీలం రంగు రావాలి. అదే నైట్రోజన్ జాడ. పదార్థం పూర్తిగా కాలక ముందే నీళ్లలో ముంచితే వడపోత గోధుమ రంగులో వస్తుంది. అలాంటి వడపోతతో కుస్తీ పట్టకుండా మళ్లీ మొదటి నుంచి చేయండి.

వడపోతలో హాలోజన్ కోసం సిల్వర్ నైట్రేట్ వేసే ముందు గాఢ నత్రికామ్లంతో మరిగించడం మర్చిపోకండి. సయనైడ్, సల్ఫైడ్ అయాన్లు మిగిలి ఉంటే అవి కూడా సిల్వర్‌తో అవక్షేపాలిస్తాయి. వీటి నుంచి వచ్చే వాయువులు విషపూరితం కాబట్టి ఇది కూడా హుడ్‌లోనే.

ద్రావణీయత: ఇక్కడ తొందరపడకండి

ఒక్కో ద్రావణికి 0.1 గ్రా. ఘనపదార్థం, ద్రవమైతే నాలుగైదు చుక్కలు తీసుకోండి. ద్రావణిని 1 మి.లీ. చొప్పున మూడు విడతలుగా కలుపుతూ గాజుకడ్డీతో నలపండి. వేడి చేయకూడదు. వేడి చేస్తే సోడియం హైడ్రాక్సైడ్‌లో ఎస్టర్ జలవిశ్లేషణ చెంది కరిగిపోతుంది, మీరు దాన్ని ఆమ్లమనుకుంటారు.

మొదట నీళ్లు. నాలుగైదు కార్బన్ల లోపు ఉన్న ఆల్కహాల్, ఆల్డిహైడ్, ఆమ్లం, ఎమీన్ నీళ్లలోనే కరుగుతాయి. నీళ్లలో కరిగాక క్షారంలో కరిగింది, ఆమ్లంలో కరిగింది అన్న మాటకు అర్థం లేదు, ఎందుకంటే ఆ ద్రావణాల్లో ఉన్నదీ నీళ్లే. ఇలాంటప్పుడు లిట్మస్ చూడండి: నీలం ఎర్రబడితే ఆమ్ల స్వభావం, ఎరుపు నీలమైతే ఎమీన్, మార్పు లేకపోతే తటస్థం.

నీళ్లలో కరగకపోతే 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్. దీనిలో కరిగితే కార్బాక్సిలిక్ ఆమ్లం కావచ్చు, ఫినాల్ కావచ్చు. ఆ రెండింటినీ వేరుచేసేది 5 శాతం సోడియం బైకార్బొనేట్. కారణం ఆమ్ల బలంలో తేడాయే. కార్బానిక్ ఆమ్లం పీకేఏ (ఇది ఎంత తక్కువైతే ఆమ్లం అంత బలమైనది) సుమారు 6.4, బెంజోయిక్ ఆమ్లానిది 4.2, ఫినాల్‌ది 10. కార్బానిక్ ఆమ్లం కంటే బలమైనది మాత్రమే బైకార్బొనేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ని వెళ్లగొట్టగలదు. కాబట్టి బెంజోయిక్ ఆమ్లం బుసబుసమంటూ కరుగుతుంది, ఫినాల్ కదలదు.

రెండు క్షారాల్లోనూ కరగకపోతే 5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దీనిలో కరిగితే ఎమీన్. అయితే డైఫినైల్ ఎమీన్ లాంటివి కరగవు. వాటిలో నైట్రోజన్ మీది ఒంటరి జంట ఎలక్ట్రాన్లు బెంజీన్ వలయాల్లోకి విస్తరించి ఉండటంతో క్షారబలం బాగా తగ్గిపోతుంది. కరగలేదు కదా అని ఎమీన్‌ని కొట్టిపారేయకుండా లాసైన్ ఫలితాన్ని పక్కన పెట్టుకుని చూడండి.

దేనిలోనూ కరగనిదాన్ని పొడి నాళికలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చూడండి. ఆల్కీన్, ఆల్కహాల్, ఆల్డిహైడ్, కీటోన్, ఎస్టర్, ఈథర్ కరుగుతాయి, లేదా రంగు మారి వేడెక్కుతాయి. ఆల్కేన్లు, సాధారణ ఆరోమాటిక్ (బెంజీన్ వలయమున్న) హైడ్రోకార్బన్లు, ఆరైల్ హాలైడ్లు విడి పొరగా తేలతాయి.

కరిగిందో లేదో తేల్చుకోలేకపోతే ఒక చిన్న కిటుకు ఉంది. క్షారంతో కలిపిన మిశ్రమాన్ని వడకట్టి, ఆ వడపోతను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఆమ్లీకరించండి. మబ్బు పట్టినట్టయినా, అవక్షేపం దిగినా, పదార్థంలో కొంతైనా కరిగినట్టే. ఎమీన్‌కి ఇదే పని తిరగేసి చేయాలి, అంటే ఆమ్ల వడపోతను క్షారంతో తటస్థీకరించాలి.

కార్బాక్సిలిక్ ఆమ్లం, ఫినాల్

బైకార్బొనేట్ పరీక్షకి సంతృప్త ద్రావణం 1 మి.లీ. తీసుకుని చిటికెడు పదార్థం వేయండి. నీళ్లలో కరగని ఆమ్లాల దగ్గర బుడగలు నెమ్మదిగా వస్తాయి. అలా అని వేడి చేయకండి. సుమారు 50 డిగ్రీలు దాటితే బైకార్బొనేట్ తనంతట తనే విచ్ఛిన్నమై వాయువు ఇస్తుంది. దానికి బదులు పదార్థాన్ని కాస్త ఇథనాల్‌లో కరిగించి చుక్కలుగా వేయండి.

బుడగలు వచ్చినంత మాత్రాన కార్బాక్సిలిక్ ఆమ్లమని ముద్ర వేయకూడదు. పిక్రిక్ ఆమ్లం ఫినాలే అయినా మూడు నైట్రో సమూహాల వల్ల చాలా బలమైన ఆమ్లం. అది కూడా బుసబుసమంటుంది. సల్ఫోనిక్ ఆమ్లాలు, ఎనిలీన్ హైడ్రోక్లోరైడ్ లాంటి లవణాలు కూడా అంతే. పాత బెంజాల్డిహైడ్ గాలిలో ఆక్సీకరణం చెంది బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది కాబట్టి అది కూడా కొద్దిగా బుడగలిస్తుంది. నిర్ధారణకి 0.1 గ్రా. పదార్థం, 1 మి.లీ. ఇథనాల్, రెండు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వాటర్ బాత్‌లో పది నిమిషాలు ఉంచి, సోడియం కార్బొనేట్ ద్రావణంలో పోయండి. పండ్ల వాసన రావాలి. కార్బొనేట్‌లో పోయడం ఎందుకంటే, మిగిలిన ఆమ్లం ఘాటు వాసన ఎస్టర్ వాసనను కప్పేస్తుంది.

ఫినాల్‌కి తటస్థ ఫెర్రిక్ క్లోరైడ్. సీసాలోని ద్రావణాన్ని అలాగే వాడితే చాలాసార్లు రంగు రాదు. అది జలవిశ్లేషణ చెందకుండా అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి ఉంచుతారు, ఆ ఆమ్లం ఉన్నంతసేపూ ఫినాక్సైడ్ అయాన్ ఏర్పడక ఇనుముతో సంశ్లిష్టం కుదరదు. విలీన సోడియం హైడ్రాక్సైడ్‌ని చుక్క చుక్కగా వేస్తూ, కలిపినా పోని లేత గోధుమ అవక్షేపం కనబడగానే ఆపి, వడకట్టి, ఆ వడపోతను వాడండి. పదార్థపు విలీన ద్రావణానికి ఒకటి రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే కారకం పసుపు రంగే అన్నిటినీ మింగేస్తుంది. ఫినాల్, రిసార్సినాల్, సాలిసిలిక్ ఆమ్లం ఊదా ఛాయలిస్తాయి, కాటెకాల్ ఆకుపచ్చనిస్తుంది. ఈనాల్‌గా మారగలిగే ఎసిటైల్ ఎసిటోన్ ఎర్ర రంగునిస్తుంది, ఎసిటేట్ అయాన్ కూడా అంతే. అందుకే రంగు ఛాయని ఖచ్చితంగా రాసుకోండి.

సందేహం తీరకపోతే థాలీన్ పరీక్ష చేయండి. పదార్థాన్ని థాలిక్ ఎన్‌హైడ్రైడ్‌తో, రెండు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో నిమిషం పాటు నెమ్మదిగా వేడి చేసి, చల్లారాక విలీన సోడియం హైడ్రాక్సైడ్‌లో పోస్తే ఫినాల్ గులాబీ రంగునిస్తుంది, అది ఫినాఫ్తలీనే. రిసార్సినాల్ అయితే ఫ్లోరెసీన్ ఏర్పడి ఆకుపచ్చటి మెరుపు కనిపిస్తుంది.

ఆల్డిహైడ్, కీటోన్

ముందు కార్బొనైల్ (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం) ఉందో లేదో చూడండి, ఏ రకమన్నది తర్వాత. పదార్థం రెండు చుక్కలు 1 మి.లీ. ఇథనాల్‌లో కరిగించి 2 మి.లీ. 2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్ కారకం కలిపి బాగా కుదపండి. పసుపు నుంచి నారింజ-ఎరుపు దాకా అవక్షేపం రావాలి. సంయుగ్మత (ఒకటి విడిచి ఒకటి వచ్చే ద్విబంధాల వరుస) లేని ఆలిఫాటిక్ (బెంజీన్ వలయం లేని) కార్బొనైల్ పసుపు వైపు ఉంటుంది, బెంజీన్ వలయంతో కలిసి ఉన్నది ఎరుపు వైపు జరుగుతుంది. ఆమ్లాలు, ఎస్టర్లు, ఎమైడ్లలో కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం ఉన్నా ఈ పరీక్ష ఇవ్వవు. కారకమే నారింజ రంగు స్ఫటికాలుగా దిగవచ్చు, ఆ తేడా మూడో నాళికలో తెలుస్తుంది. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: ఈ హైడ్రజీన్ పొడి ఎండిపోతే పేలే స్వభావం ఉన్నది. సీసాలో తడిగానే ఉంచాలి, మూత చుట్టూ ఎండిన పొడి కనిపిస్తే ముట్టుకోకుండా ల్యాబ్ బాధ్యులకు చెప్పాలి.

తర్వాత ఆల్డిహైడ్‌ని పట్టిచ్చే టోలెన్స్ పరీక్ష. 5 శాతం సిల్వర్ నైట్రేట్ 1 మి.లీ. తీసుకుని ఒక చుక్క 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే గోధుమ రంగు సిల్వర్ ఆక్సైడ్ వస్తుంది. విలీన అమ్మోనియాని చుక్కలుగా వేస్తూ, ఆ అవక్షేపం అప్పుడే కరిగిపోయే చోట ఆపండి. అమ్మోనియా ఎక్కువైతే సిల్వర్ గట్టిగా బంధించబడి పరీక్ష సున్నితత్వం పడిపోతుంది. పదార్థం రెండు చుక్కలు వేసి, 60 డిగ్రీల వాటర్ బాత్‌లో కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచండి. గాజు శుభ్రంగా ఉంటే వెండి అద్దం, లేకపోతే నల్లటి పొడి వస్తుంది. నల్లటి పొడి వచ్చినా ఫలితం అదే. ఈ కారకాన్ని నిల్వ ఉంచకూడదు, ఉంచితే పేలుడు గుణమున్న సిల్వర్ నైట్రైడ్ ఏర్పడుతుంది. పని కాగానే విలీన నత్రికామ్లం కలిపి సిల్వర్ వ్యర్థాల సీసాలో పోయండి.

ఫెహ్లింగ్ ద్రావణాలు రెండూ 1 మి.లీ. చొప్పున అప్పటికప్పుడు కలిపి వాడాలి. ఆలిఫాటిక్ ఆల్డిహైడ్ ఎర్రటి క్యుప్రస్ ఆక్సైడ్‌నిస్తుంది, బెంజాల్డిహైడ్ ఇవ్వదు. కాబట్టి టోలెన్స్ వచ్చి ఫెహ్లింగ్ రాకపోతే మీ పరీక్ష విఫలమైనట్టు కాదు, ఆరోమాటిక్ ఆల్డిహైడ్ దొరికినట్టు. ఫార్మిక్ ఆమ్లం కూడా టోలెన్స్‌కి స్పందిస్తుంది, ఫ్రక్టోజ్ కీటోనే అయినా స్పందిస్తుంది. ఆల్డిహైడ్‌తో గులాబీ రంగునిచ్చే షిఫ్ కారకాన్ని మాత్రం ఎప్పుడూ వేడి చేయకండి. అందులోని సల్ఫర్ డయాక్సైడ్ పోయి, ఏ ఆల్డిహైడ్ లేకుండానే గులాబీ రంగు తిరిగి వచ్చేస్తుంది.

2,4-డైనైట్రోఫినైల్ హైడ్రజీన్‌కి అవక్షేపం వచ్చి టోలెన్స్ రాకపోతే అది కీటోన్. మిథైల్ కీటోన్ అవునో కాదో అయొడోఫామ్ పరీక్ష చెబుతుంది. ఐదు చుక్కల పదార్థం 2 మి.లీ. నీళ్లలో, 1 మి.లీ. 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్, తర్వాత అయొడిన్-పొటాషియం అయొడైడ్ ద్రావణం రంగు నిలిచే దాకా వేయాలి. పసుపు అవక్షేపం వస్తే అది మిథైల్ కీటోన్, లేదా ఎసిటాల్డిహైడ్, ఇథనాల్, 2-ప్రొపనాల్ లాంటిది.

ఆల్కహాల్, ఎస్టర్

సెరిక్ అమ్మోనియం నైట్రేట్ పసుపు నుంచి ఎరుపుకి మారితే ఆల్కహాల్. ఏ రకమో తెలియడానికి లూకాస్ కారకం, అంటే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అనార్ద్ర జింక్ క్లోరైడ్. టెర్షియరీ ఆల్కహాల్ వెంటనే మబ్బు పడుతుంది, సెకండరీ సుమారు ఐదు నిమిషాల్లో, ప్రైమరీ గది ఉష్ణోగ్రత దగ్గర అసలు మబ్బు పట్టదు. బెంజైల్, ఎల్లైల్ ఆల్కహాల్ ప్రైమరీవే అయినా స్థిరమైన కార్బోకేటయాన్ ఇవ్వగలవు కాబట్టి త్వరగా స్పందిస్తాయి. ఆరు కార్బన్లు దాటి కారకంలో కరగని ఆల్కహాల్‌కి ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే అది మొదటి క్షణం నుంచే మబ్బుగా ఉంటుంది.

ఎస్టర్‌కి హైడ్రాక్సామిక్ ఆమ్ల పరీక్షే నమ్మదగినది. ఇథనాల్‌లో హైడ్రాక్సిల్ ఎమీన్ హైడ్రోక్లోరైడ్, సోడియం హైడ్రాక్సైడ్‌తో మరిగించి, చల్లార్చి, విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఆమ్లీకరించి, ఒక చుక్క ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ముదురు ఎరుపు-ఊదా వస్తుంది. హైడ్రాక్సిల్ ఎమీన్ లేకుండా పదార్థానికి ఆమ్లం, ఫెర్రిక్ క్లోరైడ్ మాత్రమే కలిపి ముందే చూడండి. అక్కడే రంగు వస్తే ఫినాల్ అడ్డుపడుతోందన్నమాట, ఈ పరీక్ష ఫలితం చెల్లదు.

ఎమీన్, ఎమైడ్, నైట్రో

ఆరోమాటిక్ ప్రైమరీ ఎమీన్‌కి అజో రంజనం పరీక్ష. 0.2 గ్రా. పదార్థాన్ని 1 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 3 మి.లీ. నీళ్లలో కరిగించి మంచుముక్కల్లో 0-5 డిగ్రీలకు దించండి. విడిగా చల్లార్చిన 10 శాతం సోడియం నైట్రైట్ 2 మి.లీ. చుక్కలుగా కలపండి. ఇంకో నాళికలో 0.2 గ్రా. బీటా-నాఫ్తాల్‌ను 5 మి.లీ. 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి చల్లార్చి, మొదటిదాన్ని ఇందులో పోయండి. నారింజ-ఎరుపు రంజనం వెంటనే దిగాలి. రాకపోతే కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి: ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటి డైఅజోనియం లవణం నైట్రోజన్ వదిలేసి ఫినాల్‌గా మారిపోయింది, లేదా చివరి మిశ్రమం ఇంకా ఆమ్లంగానే ఉంది. లిట్మస్‌తో చూసి క్షారం ఇంకొంచెం కలపండి. ఆలిఫాటిక్ ప్రైమరీ ఎమీన్ అయితే నైట్రైట్ వేయగానే నైట్రోజన్ బుడగలొస్తాయి, రంజనం రాదు. సెకండరీ ఎమీన్ నైట్రస్ ఆమ్లంతో క్యాన్సర్ కారక నైట్రోసో సమ్మేళనాలిస్తుంది కాబట్టి దాన్ని ఈ దారిలో కాకుండా, బెంజీన్ సల్ఫొనైల్ క్లోరైడ్‌తో చేసే హిన్స్‌బర్గ్ పరీక్షతో గుర్తించడం మంచిది.

క్లోరోఫామ్, క్షారంతో ప్రైమరీ ఎమీన్‌ని ఐసోసయనైడ్‌గా మార్చే కార్బిల్ ఎమీన్ పరీక్ష పుస్తకాల్లో ఉంటుంది గానీ, అజో రంజనం స్పష్టంగా వస్తే దాని జోలికి పోనక్కర్లేదు. ఆ ఐసోసయనైడ్ వాసన భరించలేం, విషం కూడా.

ఎమైడ్‌ని 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌తో మరిగిస్తే అమ్మోనియా వస్తుంది, తడి ఎర్ర లిట్మస్ నీలమవుతుంది. లిట్మస్‌ని నాళిక గోడకి తగలనివ్వకండి, చిందిన క్షారం కూడా దాన్ని నీలం చేస్తుంది. నైట్రో సమూహానికైతే ఇథనాల్‌లో జింక్ పొడి, అమ్మోనియం క్లోరైడ్‌తో మరిగించి, వడపోతను టోలెన్స్ కారకంలో పోయండి. నలుపు రావాలి. ఇక్కడ పదార్థం తనంతట తను టోలెన్స్‌కి స్పందించదని ముందే చూసుకుని ఉండాలి.

అసంతృప్తత

కార్బన్-కార్బన్ ద్విబంధం గానీ త్రిబంధం గానీ ఉంటే, చల్లని 1 శాతం పొటాషియం పర్మాంగనేట్ చుక్కలుగా వేస్తే ఊదా పోయి గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్ దిగాలి. ఒక్క చుక్క రంగు పోవడం మలినం వల్ల కూడా జరుగుతుంది, మూడు నాలుగు చుక్కలు పోతేనే లెక్క. ఆల్డిహైడ్, ఫినాల్, ఆరోమాటిక్ ఎమీన్ కూడా దీన్ని వివర్ణం చేస్తాయి కాబట్టి బ్రోమిన్ జలంతో కూడా చూడాలి. అక్కడ కూడా ఫినాల్, ఎనిలీన్ రంగు పోగొడతాయి గానీ తెల్లటి అవక్షేపం ఇస్తాయి. బ్రోమిన్ చర్మాన్ని కాలుస్తుంది, పక్కన 5 శాతం సోడియం థయోసల్ఫేట్ సిద్ధంగా ఉంచుకోండి.

రెండు సమూహాలు ఉన్నప్పుడు

మొదటి సమూహం దొరకగానే ఆపేయడం వల్లే ఎక్కువ జవాబులు సగంలో నిలిచిపోతాయి. సాలిసిలిక్ ఆమ్లం బైకార్బొనేట్‌తో బుసబుసమంటుంది, ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఊదా కూడా ఇస్తుంది. వెనిలిన్ ఫినాల్, ఆల్డిహైడ్, ఈథర్ మూడూ. ఆస్పిరిన్ బుడగలిస్తుంది గానీ తాజాదైతే ఫెర్రిక్ క్లోరైడ్‌తో రంగు రాదు, ఎందుకంటే అందులోని ఫినాల్ హైడ్రాక్సిల్ ఎస్టర్‌గా మూసుకుని ఉంది. క్షారంతో మరిగించి తటస్థీకరించాక చేస్తే ఊదా వస్తుంది. తేమ తగిలిన పాత ఆస్పిరిన్ ఏమీ చేయకుండానే లేత ఊదా చూపిస్తుంది.

పరారుణ వర్ణపటం తీసే వీలుంటే మీ నిర్ణయాన్ని దానితో సరిచూడండి. కీటోన్ కార్బొనైల్ సుమారు 1715 సెం.మీ.⁻¹ దగ్గర, ఎస్టర్ 1740 చుట్టుపక్కల, ఎమైడ్ 1650-1680 మధ్య కనిపిస్తాయి. ఆల్డిహైడ్‌కి 2720, 2820 దగ్గర రెండు చిన్న శిఖరాలు అదనంగా ఉంటాయి. కార్బాక్సిలిక్ ఆమ్లానికి 2500 నుంచి 3300 దాకా వెడల్పాటి పట్టీ ఉంటుంది. 2350 దగ్గర కనిపించేదాన్ని నైట్రైల్ అనుకోకండి. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్, నైట్రైల్ 2250 దగ్గర ఉంటుంది. పొటాషియం బ్రోమైడ్ బిళ్లలో తేమ ఉంటే 3400 దగ్గర వెడల్పాటి పట్టీ వచ్చి ఆల్కహాల్‌లా కనిపిస్తుంది. కాబట్టి ద్రావణీయతలో, సెరిక్ అమ్మోనియం నైట్రేట్‌తో ఆల్కహాల్ ఛాయ ఏమీ లేకపోతే, బిళ్లను ఎండబెట్టిన పొడితో మళ్లీ చేసి చూశాకే ఆ పట్టీని లెక్కలోకి తీసుకోండి.